లారీకి ఎన్ని వాటాలు?

మా ఆయన చిన్నబాబుకు అవమానం జరిగింది. చేసింది మా నాన్న. అది మనిషికి జరిగిన అవమానమైతే రెండు పూటలు అలిగి మూడో పూట అన్నానికి కూర్చునేవాడు. కానీ జరిగింది ఆయన లారీకి. అందుకని మా జాలర్ల పాళెం మొత్తం అనుభవించాల్సి వచ్చింది.

మా నాన్న చిన్నపోలయ్యకు ఒక అలివి వల ఉంది. తెలియనివాళ్ళకు చెబుతాను. ఆ వలకు రెండు వైపులా పొడవాటి తాళ్ళు ఉంటాయి. ఒక తాడు కొసను ఒడ్డున ఉంచి, వలను పడవలో తీసుకెళ్ళి సముద్రంలో గుండ్రంగా జారవిడుస్తూ, రెండో తాడు కొసను కాస్త దూరంలో మళ్ళీ ఒడ్డుకు చేరుస్తారు. అప్పుడు రెండు గుంపులు రెండు తాళ్ళనూ సమంగా లాగాలి. ఒకవైపు ముందు, ఒకవైపు వెనక అయిందంటే వల మూతి వంకరపోయి లోపలి చేపలు దర్జాగా బయటికి వెళ్ళిపోతాయి. మధ్యలో నిలబడి కేక వేసేవాడు మా నాన్న. ఆ కేకకు అటూ ఇటూ ఒకటే అడుగు పడాలి.

ఇలాంటి వలకు పెద్ద జనం కావాలి. మా పాళెంలో జనానికి కరువు లేదు, లాగేవాళ్ళే లేరు. కుర్రాళ్ళలో సగం మంది కృష్ణపట్నం పోర్టులో పనిచేస్తారు, మిగతా సగం థర్మల్ ప్లాంటులో. తెల్లారేసరికి యూనిఫాం తొడుక్కుని, తల దువ్వుకుని, రోడ్డు మీద కంపెనీ బస్సు కోసం నిలబడతారు. వల పెరట్లో కుప్పగా పడి ఉండేది. మా అమ్మ కామమ్మ దాని మీద దుప్పట్లు ఆరేసేది. అటువైపు వెళ్ళినప్పుడల్లా నాన్న మొహం తిప్పుకునేవాడు.

ఆ పరిస్థితిలో నరేంద్రబాబు గారు వచ్చారు. మా పాళెం పక్కనే ఆయన రొయ్యల గుంటలు. మర్యాదస్తుడు, చొక్కా ఎప్పుడూ తెల్లగా ఉంటుంది.

"ఆ వల ఊరికేనే పడుండాది గదా పోలయ్యా, నాకిచ్చెయ్. గుంటల మీద కప్పుకుంటా. కాకులు రొయ్యల్ని బతకనీడంలేదు" అన్నారు.

అడగడంలో తప్పేమీ లేదు. కానీ సముద్రానికి వేసిన వలను కాకుల మీద కప్పుతాననేసరికి నాన్న ఆ రోజు అన్నం ముట్టలేదు. అమ్మ బతిమాలింది, నేను బతిమాలాను, చివరికి ఇద్దరం తిట్టాం. లాభం లేకపోయింది.

అప్పుడు ముందుకొచ్చాడు మా ఆయన. ఆయనకు ఒక పాత లారీ ఉంది. ఒకప్పుడు పోర్టు నుంచి బొగ్గు తోలేది. కొత్త బండ్లు వచ్చాక దాన్ని పిలిచేవాళ్ళు లేక, అడపాదడపా ఐసు మోస్తూ, మిగతా రోజులు ఇంటి ముందు నిలబడి ఉంటోంది.

"మావా, ఒక తాడు మనుషులు లాగతారు. ఇంకో తాడు నా లారీ లాగతాది. సగం జనం చాలు" అన్నాడు.

నాన్న చాలాసేపు ఆలోచించాడు. ఆలోచించి నరేంద్రబాబు గారి దగ్గరికి వెళ్ళి మాట ఇచ్చి వచ్చాడు. "ఒకతూరి లారీతో లాగి చూస్తా సామీ. లారీ లాగలేకపోతే వల నీదే." నాన్న ఒకసారి మాట ఇస్తే దేవుడొచ్చి చెప్పినా వెనక్కి తీసుకోడు. నా గుండెలో రాయి పడింది, ఎందుకంటే లారీ సంగతీ మా ఆయన సంగతీ నాకు తెలుసు.

ఇక వాటాల పంచాయితీ. చేపలు చేరే వల సంచి ఒడ్డుకు వచ్చేలోపు తాడు మీద చెయ్యి వేసిన ప్రతి మనిషికీ చేపల్లో ఒక వాటా. దారిన పోయేవాడు వచ్చి పట్టుకున్నా సరే వాటా ఇవ్వాల్సిందే. ఇది మా వాళ్ళ ఆనవాయితీ. ఇందులో లారీకి ఎన్ని వాటాలు? పడవల పాక కింద పెద్దలు కూర్చుని వాదించుకున్నారు. లారీ బీడీ తాగడానికి మధ్యలో ఆగదు కాబట్టి ఎక్కువ ఇవ్వాలని ఒకరు. డీజిల్ మాత్రం తాగుతుంది కదా అని ఇంకొకరు. దానికి పెళ్ళాంబిడ్డలు లేరు కాబట్టి తక్కువ చాలని మరొకరు. అందరూ అయ్యాక నాన్న తీర్పు చెప్పాడు.

"పదిమంది లెక్క."

మా ఆయన లేచి నిలబడ్డాడు. "ఏంది మావా, పదిమందా? నా లారీ పదిమంది లెక్కేనా? ఇరవై మందికి తక్కవ లేదు!"

"ఇరవై మంది బలముందని చూపీ అబ్బయా. ఇరవై వాటాలు తీసుకో."

అల్లుడికి అంతకంటే పెద్ద అవమానం ఏముంటుంది? మా ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా ముత్తుకూరు వెళ్ళాడు.

ముత్తుకూరులో క్రీస్తురాజు ఉంటాడు. డీజిల్ పంపులు బాగుచేసే మెకానిక్. పని తెలిసినవాడే. కానీ మా ఆయనకు స్నేహితుడు కావడం వల్ల ఆ తెలివికి అప్పుడప్పుడూ గ్రహణం పడుతూ ఉంటుంది. ఇద్దరూ కలిసి నెల్లూరు పాత ఇనుము అంగళ్ళన్నీ తిరిగి ఒక టర్బో పట్టుకొచ్చారు. లారీకి ముందే ఒక టర్బో ఉంది. ఇది దానికి పెద్దనాన్నలా ఉంది. ఏదో మహా ఇంజన్ నుంచి ఊడదీసిందట.

"ఇదేం చేస్తాదయ్యా?" అని అడిగాను.

"ఇంజన్‌లోనుంచి పొగ పోతాది గదక్కా. ఆ పొగ ఈ చక్రాన్ని తిప్పతాది. ఇది అవతల చక్రాన్ని తిప్పి ఇంజన్‌లోకి గాలి కుక్కతాది. గాలి ఎక్కువైతే డీజిల్ కూడా ఎక్కువ పొయ్యొచ్చు. అప్పుడు బలం" అన్నాడు క్రీస్తురాజు.

డీజిల్ ఎంత పొయ్యాలో పంపు మీద ఒక స్క్రూ చెబుతుంది. అంతకుమించి పోదు. కంపెనీవాళ్ళు దానికి తీగ చుట్టి సీలు వేసి పంపిస్తారు. మా ఆయనలాంటివాళ్ళు ప్రపంచంలో ఉన్నారని వాళ్ళకు ముందే తెలుసన్నమాట. క్రీస్తురాజు ఆ సీలు తెంచి, పొగగొట్టంలో వేడిని కొలిచే మీటరు ఒకటి పెట్టి, దాని ముల్లు కనిపించేలా స్టీరింగు పక్కన బిగించాడు. ముల్లు ఎర్ర గీత దాటితే లోపల పిస్టన్లు కరుగుతాయని చెప్పాడు.

మొదటి టెస్టు మా ఇంటి ముందే జరిగింది. స్క్రూ కాస్త తిప్పి, మా ఆయన యాక్సిలేటర్ తొక్కాడు. బలం వచ్చిందో లేదో తెలియదు. పొగ మాత్రం వచ్చింది. నల్లటి పొగ వాకిట్లో అమ్మ ఆరబెట్టిన నెత్తళ్ళను కప్పేసింది. పొగ పోయాక చూస్తే, తెల్లగా మెరిసే ఎండుచేపలు బొగ్గుముక్కల్లా ఉన్నాయి. అమ్మ చీపురు తీసుకుని బయటికొచ్చింది. క్రీస్తురాజు లారీ కిందకి దూరాడు, మా ఆయన లారీ పైకెక్కాడు. ఇద్దరికీ సరిపడా తిట్లు అమ్మ దగ్గర ఉన్నాయి.

రెండో టెస్టు పోర్టు రోడ్డు మీది ఫ్లైఓవర్ దగ్గర. లారీ నిండా తడి ఇసుక మూటలు వేశారు. నన్నూ ఎక్కమన్నారు. నేను ఎక్కింది సరదాకు కాదు, ఇంజన్ పేలితే చెప్పడానికి సాక్షి ఉండాలని. ఎక్కుడు మొదలైంది. మా ఆయన యాక్సిలేటర్ పూర్తిగా నొక్కాడు. లారీ మూలిగింది, పొగ వదిలింది, ముందుకు మాత్రం పోలేదు. పక్కనుంచి సైకిల్ మీద అరటిపళ్ళు అమ్ముకునే ఆయన మమ్మల్ని దాటిపోయాడు, దాటిపోతూ జాలిగా చూశాడు.

"ఉండుమే, టర్బో ఇంకా నిద్రలేవలా" అన్నాడు మా ఆయన.

సగం ఎక్కుడు అయ్యాక అది లేచింది. ఎక్కడినుంచో సన్నటి ఈల మొదలై పెద్దదైంది. వెనకనుంచి ఎవరో తోసినట్టు నా వీపు సీటుకు అతుక్కుంది. లారీ ఎగబాకింది. సైకిలాయనను దాటాం, ఆటోను దాటాం, మెరిసిపోతున్న ఒక కొత్త లారీని కూడా దాటేశాం. ఆ డ్రైవరు నోరు తెరుచుకుని చూశాడు. మా ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నిజం చెప్పొద్దూ, నాకూ సంతోషమేసింది.

"కాలు తియ్యన్నా! ముల్లు ఎర్ర గీత కాడికొచ్చింది, కాలు తియ్!" అని క్రీస్తురాజు అరుస్తున్నాడు.

కిందకి దిగాక అతను స్క్రూ కొంచెం వెనక్కి తిప్పి, కొత్త తీగ చుట్టి బిగించాడు. "ఇదే లిమిటు. ఇంక ఒక్క పిసరు కూడా తిప్పబాకన్నా. టర్బో లేచేదానికి ముందే డీజిల్ పోస్తే బలం రాదు, పొగ వస్తాది, అంతే."

నాకొక అనుమానం వచ్చింది. "వలను మెల్లంగా లాగాల గదా. ఆ మెల్లదనంలో మీ టర్బో లేవనే లేవదు గదా. మరి దేనికి ఇదంతా?"

ఇద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "నీకు తెలవదులేమే" అన్నాడు మా ఆయన. తెలియకపోతే చెప్పొచ్చు కదా. చెప్పలేదు. వాళ్ళకూ తెలియదు.

వల వేసే రోజు వచ్చింది. పొద్దున్నే అందరం ఒడ్డుకు చేరాం. నరేంద్రబాబు గారు తెల్లచొక్కాతో, ఒక చిన్న వ్యానుతో వచ్చి దూరంగా నిలబడ్డారు. వ్యాను దేనికో అందరికీ తెలుసు, ఎవరూ అటు చూడలేదు. నాన్న కొత్త తలపాగా చుట్టుకున్నాడు. పడవ వెళ్ళి వలను చుట్టి వచ్చింది. ఒక తాడు మేం పట్టుకున్నాం. మేమంటే నేను, అమ్మ, కొందరు ఆడవాళ్ళు, పాక కింద వాదించుకున్న ముసలివాళ్ళు. రెండో తాడు లారీ వెనక కొక్కేనికి కట్టారు. తడి ఇసుక మీద లారీ సముద్రానికి వీపు చూపిస్తూ నిలబడింది.

నాన్న కేక వేశాడు. మేం అడుగు వేశాం. మా ఆయన యాక్సిలేటర్ మీద కాలు ఆనించీ ఆనించనట్టు పెట్టి, కింది గేరులో లారీని అంగుళం అంగుళం కదిలించాడు. అద్భుతంగా జరిగింది! తాడు బిగిసింది, వల కదిలింది, రెండు వైపులా సమంగా వస్తోంది. నాన్న కేకకు లారీ మనిషిలాగే అడుగు వేస్తోంది. నాన్న మొహంలో నవ్వు చూశాను. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో! నాకు చేతుల్లో నొప్పి తెలియలేదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మా తాడు మీదున్న ఒక ముసలాయన మంచి మనసుతోనే అరిచాడు.

"సరిగ్గా పదిమంది లెక్కేరోయ్! పోలయ్య తీర్పు కరెక్టు!"

ఆ మాట లారీలో కూర్చున్న మనిషి చెవిన పడింది. ఇంకో సంగతి మాకు తర్వాత తెలిసింది. తెల్లవారుజామున ఎవరూ లేవకముందే ఆయన క్రీస్తురాజు చుట్టిన తీగ విప్పేసి, స్క్రూను తిరిగినంత మేరా తిప్పేశాడు. ఇరవై వాటాల మనిషి కదా.

యాక్సిలేటర్ పూర్తిగా నొక్కాడు. లారీ మూలిగింది. పొగగొట్టంలోంచి తారు కాచినంత నల్లటి పొగ బుస్సున లేచింది. ఒడ్డు మీద పగలు పోయింది. "నిదానం! నిదానం అబ్బయా!" అని నాన్న గొంతు చించుకుంటున్నాడు. పొగలో ఆయన ఎక్కడున్నాడో కూడా కనిపించలేదు. అప్పుడు ఈల వినిపించింది. టర్బో నిద్రలేచింది.

లారీ ఒక్క ఉదుటున తడి ఇసుక దాటి పొడి ఇసుకలోకి ఎక్కింది. ఎక్కి అక్కడే గిర్రున చక్రాలు తిప్పింది. ఇసుక మా నెత్తిన వానలా కురిసింది. ఎంత బలం పెడితే అంత కిందికి పోయింది. ఇరవై మంది బలమూ ఒక గొయ్యి తవ్వడానికి సరిపోయింది. వెనక ఇరుసు ఇసుకను తాకాక లోపల ఏదో కీచుమంది, ఇంజన్ ఆగిపోయింది. పొగ మాత్రం ఆగలేదు. అప్పటికే ఆకాశం మీదికి పాకి, రోడ్డువైపు తిరిగింది.

వల మూతి వంకరపోయింది. పైగా సముద్రంలో నీటి ఒరవడి వలను పక్కకు లాగుతోంది. లారీ పట్టిన తాడు బిగుసుకుని నిలబడిపోయింది, మా తాడు మా చేతుల్లోంచి జారుతోంది. "వదలబాకండి! వల పోతాది!" అన్నాడు నాన్న. అలాగే వదిలేస్తే వల చిరిగిపోతుందని, పరుగెత్తుకొచ్చి లారీకి కట్టిన తాడు విప్పి తన భుజానికి చుట్టుకున్నాడు. ఒక్కడే. మా ఆయన కిందకి దూకి ఆయన వెనక పట్టుకున్నాడు. ఇద్దరినీ వల సముద్రంలోకి ఈడ్చుకుపోతోంది. మాటా పోయింది, వలా పోతోంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే లాగాను.

అప్పుడు రోడ్డు వైపు నుంచి కేకలు వినిపించాయి.

"లారీ తగలబడిందిరోయ్! నీళ్ళు తెండి, నీళ్ళు!"

ఒక్కరు కాదు, జాతరలాగా వస్తున్నారు. కంపెనీ బస్సు ఆపేసి యూనిఫాం కుర్రాళ్ళు దూకి వస్తున్నారు. పాళెం ఆడవాళ్ళు బిందెలతో, బకెట్లతో వస్తున్నారు. రొయ్యల గుంటల్లో పనిచేసేవాళ్ళు పైపు చుట్ట భుజాన వేసుకుని పరుగెత్తుతున్నారు. శ్రీహరికోటలో రాకెట్ లేచిన రోజు కూడా ఇంతమంది పరుగెత్తలేదు. ముందుగా చేరినవాడు మంట ఎక్కడుందో చూడకుండానే బకెట్ నీళ్ళు మా ఆయన నెత్తిన గుమ్మరించాడు. ఆయనకు అది అవసరమే.

నాన్న తాడు కొస వాళ్ళ మీదికి విసిరాడు. "మంటా లేదు, గింటా లేదు! పట్టండిరా!"

ఎందుకో ఎవరూ అడగలేదు. బకెట్లు కింద పడ్డాయి, చేతులు తాడు మీద పడ్డాయి. నాన్న మధ్యలోకి పరుగెత్తి కేక వేశాడు. మొదటి కేకకు అడుగులు కలవలేదు. రెండో కేకకు కలిశాయి. బూట్లు ఇసుకలో దిగబడుతుంటే కుర్రాళ్ళు బూట్లు విసిరేశారు. ఎప్పుడో చిన్నప్పుడు తండ్రుల వెనక నిలబడి లాగినవాళ్ళే, వాళ్ళ ఒంటికి ఆ అడుగు ఇంకా గుర్తుంది. నా ముందు తెల్లచొక్కా ఒకటి కనిపించింది. నరేంద్రబాబు గారు! ఎప్పుడు వచ్చి పట్టుకున్నారో తెలియదు. మోకాళ్ళ వరకు నీళ్ళలో, పళ్ళు బిగించి, అందరికంటే గట్టిగా అరుస్తూ లాగుతున్నారు.

వల సంచి ఒడ్డుకు వచ్చింది. చాలా చేపలు తప్పించుకుపోయాయి. అయినా కానాగంతలు, నెత్తళ్ళు, మధ్యమధ్యలో చందువలు ఎండకు తళతళా ఎగిరాయి. బస్సు హారన్ కొడుతోంది, ఎవరూ వినడంలేదు. నాన్న కూర్చుని వాటాలు వేశాడు. తాడు పట్టిన ప్రతి మనిషికీ వాటా. నీళ్ళు పోయిన బకెట్లలోకి చేపలు వచ్చాయి.

"లారీకి ఎన్ని వాటాలు పోలయ్యా?" అని ఆ ముసలాయనే అడిగాడు. ఒడ్డు మొత్తం నవ్వింది. మా ఆయన బానెట్ ఎత్తి దాని వెనక మొహం దాచుకున్నాడు.

"ఒకటి" అన్నాడు నాన్న. "మొదట్లో బాగానే లాగింది గదా."

తర్వాత ఆయన లేచి, తడి వలను మడత పెట్టడం మొదలుపెట్టాడు. ఎందుకో నాకు అర్థమైంది. మడత పెట్టి, భుజాన ఎత్తుకోలేక ఎత్తుకుని, నరేంద్రబాబు గారి ముందు దించాడు.

"లారీ లాగలేకపాయ సామీ. మాట మాటే. తీసకపోండి."

నవ్వులు ఆగిపోయాయి. నరేంద్రబాబు గారు వలను చూశారు. తన చేతుల్ని చూసుకున్నారు. అరచేతుల్లో బొబ్బలు లేచి ఉన్నాయి. చొక్కా ఏ రంగో చెప్పడం కష్టం. ఒక చేతిలో ఆయన వాటా చేపల బకెట్ ఉంది, దాన్ని కింద పెట్టడం ఇష్టంలేనట్టు గట్టిగా పట్టుకున్నారు.

"ఇన్నేళ్ళుగా రొయ్యలు పెంచతుండా పోలయ్యా. వాటికి మేత పెట్టేది పనోళ్ళు, పట్టేది పనోళ్ళు. నా చేత్తో నేను ఒక్క చేపను కూడా బయటికి తీసిందిలేదు" అన్నారు. ఆయాసం ఇంకా తీరలేదు. "ఈ వల తీసకపోయి కాకుల మీద కప్పితే, రేపు నేనేం లాగాల? నాకొద్దు. కాకుల సంగతి కాకులు చూసుకుంటాయి. మళ్ళా వేసేటప్పుడు మాత్రం ఒక ఫోన్ కొట్టు, వస్తా. ఇట్ట పొగపెట్టి పిలవబాక, గుండెలు ఆగిపోతాయి."

"నాకు గూడా కొట్టు పెద్దాయనా, డ్యూటీ లేని రోజైతే వస్తా" అన్నాడు ఒక యూనిఫాం కుర్రాడు, బూట్లు చేత్తో పట్టుకుని బస్సువైపు పరుగెడుతూ. ఇంకొకరు, ఇంకొకరు. అందరూ చెప్పలేదు. చెప్పినవాళ్ళు చాలు.

నాన్న తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. నేను పక్కకు వెళ్ళి నిలబడితే నా భుజం పట్టుకున్నాడు. ఆ చెయ్యి బరువు ఎంత బాగుందో నేను చెప్పలేను.

మా ఆయన బానెట్ వెనకనుంచి మెల్లగా వచ్చాడు. మొహం నిండా మసి, నెత్తినుంచి నీళ్ళు.

"తప్పైపాయ మావా. ఈ రోజే ముత్తుకూరు పోయి పాత టర్బో పెట్టించేస్తా. ఆ స్క్రూ గూడా మళ్ళా బిగించి సీలు ఏయించేస్తా."

నాన్న లారీ వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు.

"టర్బో నీ ఇష్టం అబ్బయా. స్క్రూ మాత్రం అట్నే ఉండనీ. ఫోన్ ఎత్తని నాకొడుకులు శానామంది ఉండారు."